సంతకం పెట్టేముందు: భిలాయ్ నుంచి కొన్ని అనుభవ పాఠాలు

విశాఖ ఉక్కులో 2025 మొదట్లో స్వచ్ఛంద పదవీ విరమణ, అంటే వీఆర్‌ఎస్ సర్క్యులర్ వచ్చినప్పటి నుంచి గాజువాక, కూర్మన్నపాలెం నుంచి నాకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. చేసేవాళ్లంతా మా బంధువుల పిల్లలే. "మావయ్యా, మీ భిలాయ్‌లో ఇదంతా పాతికేళ్ల కిందటే జరిగిపోయింది కదా. ఇప్పుడు మమ్మల్నేం చెయ్యమంటావు?" అని అడుగుతున్నారు. ఫోన్లో తలా ఒక ముక్క చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే నలుగురికీ పనికొస్తుందనిపించింది.

నేను భిలాయ్ ఉక్కు కర్మాగారం రైల్ మిల్లులో పనిచేసి రిటైరైనవాణ్ణి. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో పుట్టిన ప్లాంటు ఇది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పటి నుంచీ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల జనం రాయగడ మీదుగా రైలెక్కి, కడుపు చేత పట్టుకుని ఇక్కడికి వస్తూనే ఉన్నారు. ఖుర్సీపార్ వెళ్తే ఇవాళ్టికీ మన యాస వినిపిస్తుంది. సెక్టార్ 5లో బాలాజీ గుడి ఉంది, ఆంధ్ర సాహిత్య సమితి ఉంది. మా తరానికి బీఎస్పీ (భిలాయ్ స్టీల్ ప్లాంట్) ఉద్యోగమంటే ఇల్లూ, ఆస్పత్రీ, పిల్లల చదువూ, చెల్లెలి పెళ్లీ అన్నీ కలిపి ఒకటే. అందుకే 1998 తర్వాత, భిలాయ్‌ని నడిపే సెయిల్‌లో పునర్వ్యవస్థీకరణ మొదలై, వీఆర్‌ఎస్ మాట గేటు దగ్గర వినపడేసరికి ఊరంతా గుండెల్లో రాయి పడినట్టయింది. ఆ రోజుల నుంచి ఈ రోజు దాకా చూసి తెలుసుకున్న సంగతులివి.

1. నష్టాల ఏడాదిని చూసి జీవితం తేల్చుకోవద్దు.

ముందు అంకెలు చెబుతాను. సెయిల్‌కి 1998-99లో 1,574 కోట్లు నష్టం వచ్చింది. 1999-2000లో 1,720 కోట్లు, 2000-01లో 729 కోట్లు, 2001-02లో 1,707 కోట్లు, 2002-03లో 304 కోట్లు. అయిదేళ్లు వరసగా నష్టమే. పేపర్లు రోజూ సెయిల్ మునిగిపోతోందని రాసేవి. క్యాంటీన్‌లో, బస్టాపులో, పెళ్లి పందిట్లో అదే మాట. మెకిన్సీ అనే విదేశీ సలహాదారులు లెక్కలు కట్టి వెళ్లారు. మనుషులు ఎక్కువైపోయారనీ, పవర్ ప్లాంట్ల లాంటివి విడగొట్టాలనీ తేలింది. 2000 ఫిబ్రవరిలో కేంద్రం ఆర్థిక పునర్వ్యవస్థీకరణకి ఒప్పుకుని అయిదు వేల కోట్లకి పైగా అప్పులు మాఫీ చేసింది. దాంతోపాటే మనుషుల్ని తగ్గించే పనీ జోరందుకుంది.

ఆ భయంలో సంతకాలు పెట్టినవాళ్లు వేలల్లో ఉన్నారు. "కంపెనీయే ఉండనప్పుడు ఇచ్చిన నాలుగు రాళ్లు పట్టుకుని పోవడం మేలు" అన్నది వాళ్ల ఆలోచన. ఆ రోజున అది తప్పని చెప్పగలిగినవాడు మాలో ఒక్కడూ లేడు.

తర్వాతేం జరిగిందో చూడండి. 2003-04లో సెయిల్‌కి 2,512 కోట్ల లాభం వచ్చింది. 2004-05లో 6,817 కోట్లు. ఆ అయిదేళ్ల నష్టాలన్నీ కూడితే 6,034 కోట్లు. అంటే అయిదేళ్లలో పోయినదంతా ఒక్క ఏడాదిలో తిరిగొచ్చి ఇంకా మిగిలింది. ఈ మధ్యలో ఏ మంత్రమూ జరగలేదు. చైనాలో కట్టడాలు పెరిగి ప్రపంచమంతా ఉక్కు ధర లేచింది. అంతకుముందు నష్టాలు రావడానికీ ఇలాంటి కారణాలే: 1992లో ఉక్కు ధరల మీద కంట్రోల్ ఎత్తేశారు, దిగుమతి సుంకాలు తగ్గాయి, దుర్గాపూర్, రూర్కెలా ప్లాంట్ల ఆధునికీకరణకి చేసిన అప్పుల వడ్డీ మీద పడింది, 1997లో తూర్పు ఆసియా కుప్పకూలింది. సెయిల్ మొత్తానికి నష్టాలొచ్చిన ఆ రోజుల్లో కూడా భిలాయ్ ప్లాంటు ఒక్కదాన్నే చూస్తే లాభంలోనే ఉంది.

మనుషులు ఎక్కువ లేరని నేననను. కొన్ని సెక్షన్లలో ఇద్దరు చేసే పనికి అయిదుగురు ఉండేవాళ్లం, ఆ సంగతి మాకూ తెలుసు. ఖర్చు తగ్గించుకున్న కంపెనీ మంచిరోజులు వచ్చాక ఇంకా బాగా నిలబడిందన్నదీ నిజమే. కానీ ఉక్కు వ్యాపారంలో ఎగుడుదిగుళ్లు ఎప్పుడూ ఉంటాయి. ఆ అయిదేళ్లలో నలభై అయిదేళ్ల మనిషి చేసిన సంతకం మాత్రం మంచిరోజులొచ్చాక వెనక్కి రాలేదు. మీ ప్లాంటుకి నష్టం ఎందుకొచ్చిందో కనుక్కోండి. ధర పడిపోయిందా, సొంత గనులు లేకపోవడమా, అప్పు భారమా, నిజంగా మీ మిల్లుకే పని లేకుండా పోయిందా? విశాఖకి మొదటి నుంచీ సొంత ఇనుప గనులు లేవు. దానికి మీ షిఫ్టులో ఉన్న పదిమందీ కారణం కాదు.

2. లెక్క ఇంట్లో కూర్చుని వేసుకోవాలి, ఇంటావిడ ఎదురుగా.

ప్రభుత్వ రంగ సంస్థల వీఆర్‌ఎస్‌కి 2000 మే 5న కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో గుజరాత్ పద్ధతి అని ఒకటుంది. పూర్తయిన సర్వీసుకి ఏడాదికి 35 రోజుల జీతం, మిగిలిన సర్వీసుకి ఏడాదికి 25 రోజుల జీతం. ఒక ఉదాహరణ చూద్దాం. ఇరవై ఆరేళ్ల సర్వీసు అయింది, ఇంకా పదేళ్లుంది. బేసిక్, డీఏ కలిపి నెలకి ఎనిమిది వేలు. 910 రోజులు, 250 రోజులు కలిపి 1,160 రోజుల జీతం. నెలకి ముప్ఫై రోజుల చొప్పున చూస్తే మూడు లక్షల తొమ్మిది వేలు. గ్రాట్యుటీ, పీఎఫ్ వేరే. గ్రాట్యుటీకి అప్పట్లో మూడున్నర లక్షల సీలింగు ఉండేది.

మూడు లక్షలు ఒక్కసారి చేతిలో పడటం మా ఇళ్లలో ఎవరికీ తెలియదు. అది చాలా పెద్ద మొత్తంలా కనిపించింది. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో వేస్తే 2000లో 11 శాతం వడ్డీ. అంటే నెలకి 2,750 రూపాయలు. ఆరేళ్ల గడువు తీరి అదే డబ్బు మళ్లీ వెయ్యబోతే వడ్డీ 8 శాతానికి దిగిపోయింది. నెలకి రెండు వేలు. ఆరేళ్లలో బియ్యం ధర, కూరల ధర ఎంత పెరిగాయో మీ అమ్మానాన్నల్ని అడగండి. వడ్డీ స్థిరంగా ఉంటుందని నమ్మినవాళ్లందరికీ ఇలాగే అయింది. యూనిట్ ట్రస్ట్ వారి యూఎస్-64 పథకాన్ని బ్యాంకు డిపాజిట్టంత భద్రమని జనం నమ్మేవారు. 2001 జూలైలో దాంట్లోంచి డబ్బు తీసుకోవడం ఆపేశారు. దేశమంతటా రిటైరైనవాళ్లు అల్లాడిపోయారు.

మా తోడల్లుడు వీఆర్‌ఎస్ తీసుకున్నాడు. ఆయన దగ్గర గళ్ల నోటుబుక్కు ఒకటుండేది. సంతకం పెట్టేముందు అందులో రెండు పేజీల ఖర్చు రాసి నాకు చూపించాడు. ఒక పేజీలో కిరాణా, పాలు, కరెంటు, స్కూలు ఫీజు, ఊళ్లో అమ్మకి పంపే డబ్బు. రెండో పేజీలో వచ్చే వడ్డీ. రెండూ సరిపోయాయి. మా మరదలు ఆ బుక్కు తీసుకుని మూడో పేజీ తెరిచి పెన్సిల్‌తో నాలుగు పద్దులు రాసింది: పెద్దవాడి ఇంజనీరింగ్ కోచింగ్, చిన్నదాని పెళ్లి, క్వార్టర్ ఖాళీ చేస్తే అద్దె, ఎవరికైనా జబ్బు చేస్తే. ఒక్కదాని పక్కనా అంకె వెయ్యలేదు. "ఇవి మీరు వెయ్యండి" అని బుక్కు ఆయన ముందు పెట్టింది. ఆయన రెండు పేజీల లెక్కతోనే సంతకం పెట్టాడు. పిల్లలు పైకొచ్చారు, ఇల్లు నిలబడింది. కానీ ఆ నాలుగు పద్దుల కోసం ఆయన యాభై దాటాక ఒక ప్రైవేటు వర్క్‌షాపులో మళ్లీ షిఫ్టులు చెయ్యాల్సివచ్చింది. అందుకే చెబుతున్నాను, మూడో పేజీ కూడా నింపి, మొత్తం కూడి అప్పుడు ఆలోచించండి.

పింఛను సంగతి కూడా ఈ లెక్కలోనే పెట్టుకోవాలి. ఉద్యోగుల పింఛను పథకం ఈపీఎస్-95లో పింఛను కట్టే జీతానికి అప్పట్లో అయిదు వేల సీలింగు. 2001 జూన్ నుంచి ఆరున్నర వేలు, 2014 సెప్టెంబరు నుంచి పదిహేను వేలు. మామూలుగా జీతం ఎంతున్నా లెక్క ఆ సీలింగు మీదే. అందుకే ఆ రోజుల్లో బయటికొచ్చినవాళ్లలో చాలామందికి ఇవాళ్టికీ వచ్చే పింఛను మందుల ఖర్చుకే సరి. కనీస పింఛను వెయ్యి రూపాయలు చెయ్యడానికే 2014 దాకా పట్టింది. సెయిల్ సొంత పింఛను పథకం కార్మికులకి 2012 జనవరి 1 నుంచి వచ్చింది, 2007 జనవరి 1 నుంచి కొత్త వేతన ఒప్పందం అమలైంది. అప్పటికి ఉద్యోగంలో ఉన్నవాళ్లకే అవి దక్కాయి. మిగిలిన సర్వీసుకి ఏడాదికి 25 రోజులని రాసిన కాగితంలో ఈ రాబోయేవేవీ ఉండవు.

3. ఇల్లు ఎవరి పేరున ఉందో ముందు చూసుకోండి.

టౌన్‌షిప్పులో ముప్ఫై ఏళ్లు ఉన్న మనిషికి ఆ క్వార్టర్ తనదే అనిపిస్తుంది. జామచెట్టు తను నాటిందే, వెనక రేకుల షెడ్డు తను వేసిందే. కాగితం మీద మాత్రం అది కంపెనీది. 2001 తర్వాత సెయిల్ కొన్ని క్వార్టర్లని దీర్ఘకాల లీజుకి ఇచ్చింది. లీజు దొరికినవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. అయినా లీజు లీజే, సొంతం కాదు. వారసుల పేరుకి మార్చడం, పైన గది వేసుకోవడం, గడువు తీరాక ఏమవుతుందన్న ప్రశ్న, ఇవన్నీ ఇక్కడ ఇంకా నలుగుతూనే ఉన్నాయి. సొంత ఊళ్లో తాతల నాటి ఇల్లుంది కదా అనుకున్నవాళ్లు కూడా వెళ్లి చూస్తే, అన్నదమ్ముల వాటాల్లో ఒక గది మిగిలింది. ఉద్యోగం ఉండగానే నాలుగు సెంట్ల స్థలం కొనుక్కున్నవాళ్లు అదృష్టవంతులు. రిసాలీలోనో, సుపేలాలోనో, ఆంధ్రలోనో, ఎక్కడైనా సరే.

ఆస్పత్రి కూడా అంతే. సెక్టార్ 9 ఆస్పత్రి మాకు ఎంత ధైర్యమో, కాలిన గాయాల వార్డు చూసినవాళ్లకి తెలుస్తుంది. బయటికొచ్చాక వైద్యం ఏ పద్ధతిలో ఉంటుంది, భార్యకి కూడా వర్తిస్తుందా, ప్రీమియం ఎవరు కడతారు అన్నది కాగితం మీద అడిగి తీసుకోండి.

4. పని ఎక్కడికీ పోదు.

ఇది అన్నిటికన్నా పెద్ద పాఠం. పునర్వ్యవస్థీకరణ మొదలయ్యాక సెయిల్‌లో లక్షా డెబ్బై వేల దాకా ఉన్న ఉద్యోగుల సంఖ్య ఇవాళ 55 వేల లోపుకి వచ్చింది. భిలాయ్‌లోనే ఒకప్పుడు యాభై వేలకి పైగా ఉండేవాళ్లం, ఇప్పుడు పదమూడు వేల చుట్టుపక్కల ఉంటారు. అదే కాలంలో సెయిల్ తయారుచేసే ఉక్కు ఏడాదికి సుమారు కోటి టన్నుల నుంచి కోటీ తొంభై లక్షల టన్నుల దాకా పెరిగింది. కొత్త యంత్రాలొచ్చాయి, కాదనను. 2018 జూన్ 14న ప్రధాని మోదీ విస్తరించిన భిలాయ్ ప్లాంటుని జాతికి అంకితం చేశారు. మహామాయ అని పేరున్న ఎనిమిదో బ్లాస్ట్ ఫర్నేస్ పాతవాటి పక్కన కొండలా ఉంటుంది. కొత్త రైల్ మిల్లులో 130 మీటర్ల పట్టా ఒకే ముక్కగా బయటికొస్తుంది.

అయితే యంత్రం చెయ్యని పని ఇంకా బోలెడుంది. కన్వేయర్ కింద పడ్డ ఖనిజం ఎత్తాలి. కోక్ ఓవెన్ తలుపుల చుట్టూ పేరుకున్న తారు గీకాలి. లాడిల్ లోపల ఇటుక పేర్చాలి. మా రోజుల్లో ఈ పనులు చేసే మనిషికి టోకెన్ నంబరు, క్వార్టరు, బోనసు ఉండేవి. ఇప్పుడు అదే చోట, అదే వేడిలో పనిచేసే కుర్రాడికి గేట్ పాస్ మాత్రమే ఉంది. దాని గడువు ఠేకేదారు కాంట్రాక్టు గడువుతో ముడిపడి ఉంటుంది. బోరియా గేటు దగ్గర షిఫ్టు మారే వేళ నిలబడితే సైకిళ్ల మీద వచ్చేవాళ్లలో ఎక్కువమంది వీళ్లే.

దీని వెనక ఒక కోర్టు తీర్పు కూడా ఉంది, అది తెలుసుకోవాలి. ఒక పనిలో కాంట్రాక్టు పద్ధతిని ప్రభుత్వం నిషేధిస్తే, ఆ పని చేస్తున్నవాళ్లు కంపెనీ ఉద్యోగులైపోతారని 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2001 ఆగస్టు 30న అయిదుగురు జడ్జీల బెంచ్ ఆ తీర్పుని పక్కనపెట్టింది. నిషేధించినంత మాత్రాన ఉద్యోగం దానంతటదే రాదని చెప్పింది. ఆ కేసు పేరులో ఉన్నది సెయిలే. మాలో వేలమంది వీఆర్‌ఎస్ తీసుకుంటున్న రోజుల్లోనే ఈ తీర్పు వచ్చింది. ఆ ఖాళీల్లోకి ఎవరు వస్తారు, ఏ హక్కుతో వస్తారు అన్నది అక్కడే సగం తేలిపోయింది.

పర్మనెంట్ చెయ్యండని అడిగినందుకు ఈ ఊళ్లో ప్రాణాలు పోయాయి. భిలాయ్ చుట్టుపక్కల ప్రైవేటు ఫ్యాక్టరీల కాంట్రాక్టు కార్మికులు 1992 జూలై 1న పవర్‌హౌస్ స్టేషన్‌లో పట్టాల మీద కూర్చుంటే పోలీసులు కాల్పులు జరిపారు. పదహారుమంది కార్మికులు చనిపోయారు. అంతకు తొమ్మిది నెలల ముందే, 1991 సెప్టెంబరు 28న, వాళ్ల నాయకుడు శంకర్ గుహా నియోగిని ఇదే ఊళ్లో నిద్రలో కాల్చి చంపారు. రెగ్యులర్ ఉద్యోగులం మేం చాలామందిమి అప్పుడు అది మన గొడవ కాదనుకున్నాం. పదేళ్లు తిరిగేసరికి మా సీట్లలోకి వచ్చింది ఆ గొడవలో ఉన్న మనుషులే. ఇప్పుడు మా మనవల్లో కొందరు గేట్ పాస్ మీద లోపలికి వెళ్తున్నారు.

5. యంత్రం వద్దనకుండా కూడా మాట్లాడొచ్చు.

మా ప్లాంటుకి ఇనుప ఖనిజం దల్లీ రాజ్‌హరా గనుల నుంచి వచ్చేది. అక్కడ చేత్తో ఖనిజం తవ్వి, పగలగొట్టి, లారీలకెత్తేవాళ్లు వేలల్లో ఉండేవారు. పూర్తి యాంత్రీకరణ మాట వచ్చినప్పుడు నియోగి సంఘం యంత్రాలే వద్దని కూర్చోలేదు. ఏ పనికి యంత్రం కావాలి, ఏ పని మనిషి చేస్తే ఖర్చూ తక్కువ, ఉపాధీ ఉంటుంది అన్నది లెక్కలు కట్టి, సగం యంత్రం, సగం మనిషి అనే ప్రణాళిక ముందుపెట్టింది. చాలా ఏళ్లు ఆ మాట నిలబడింది. అదే సంఘం 1983లో షహీద్ ఆస్పత్రి కూడా కట్టుకుంది. బైలాదిల్లా ఇనుప గనుల్లో అలా జరగలేదు. యంత్రాలు రావడంతో చేతిపని కార్మికులు వేలమంది రోడ్డున పడ్డారు. 1978 ఏప్రిల్‌లో అక్కడి కిరండూల్‌లో కాల్పులు జరిగాయి. ఆ గనులు నడిపే ఎన్‌ఎండీసీ ఆఫీసు మన హైదరాబాదులోనే ఉంది, అక్కడి ఖనిజం మన విశాఖ రేవు మీదుగానే జపాన్ వెళ్లేది. అయినా మనలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు?

మీ యూనియన్ నాయకుడు సర్క్యులర్ చదివి వినిపించడంతో ఆగిపోతే సరిపోదు. ఎంతమంది లేకుండా ఈ షిఫ్టు నడవదో సెక్షన్ వారీగా రాసిన కాగితం మీ దగ్గర ఉండాలి. మేనేజ్‌మెంటు ముందు ఆ కాగితానికి విలువ ఉంటుంది.

6. చేతికి తెలిసిన పనిని ఎవరికైనా అప్పజెప్పి వెళ్లండి.

రైల్ మిల్లు ఫినిషింగ్ బేలో పట్టాని స్ట్రెయిటెనింగ్ మెషీన్ సాపు చేస్తుంది. తర్వాత స్కేలు పెట్టి, సందులో ఫీలర్ గేజ్ దూర్చి వంపు కొలుస్తారు. మా సీనియర్ ఒకాయన అంతకుముందే మోకాళ్ల మీద కూర్చుని, బుగ్గ పట్టాకి ఆనేంత దగ్గరగా పెట్టి, ఒక కన్ను మూసి, చివరిదాకా చూసేవాడు. పైన దీపాల వెలుతురు పట్టా తల మీద గీతలా మెరుస్తుంది. ఆ మెరుపు ఎక్కడ వణికితే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టేవాడు. గేజ్ పెట్టి చూస్తే వంపు అక్కడే ఉండేది. రైలు దాని మీద నుంచే పోవాలి కాబట్టి చివరి అడుగు దాకా చూడాలని కొత్తవాళ్లకి చెప్పేవాడు. 1990ల చివర్లో రైల్వే వాళ్లు పట్టాల ఉక్కులో హైడ్రోజన్ మీద షరతులు బిగించినప్పుడు, కొత్త డీగ్యాసింగ్ యూనిట్లు ఎంత అవసరమయ్యాయో, ఉక్కు రంగు చూసి, చప్పుడు విని తేడా పసిగట్టే పాతవాళ్లూ అంతే అవసరమయ్యారు.

అలాంటివాళ్లు వీఆర్‌ఎస్‌లో ఒక్క బ్యాచ్‌గా వెళ్లిపోయారు. పక్కన నిలబడి నేర్చుకోవలసిన కుర్రాళ్ల నియామకాలు అప్పటికి ఏళ్ల తరబడి లేవు. కంప్యూటర్లు, లేజర్ కొలతలు వచ్చి చాలావరకు పూడ్చాయి. అయినా మధ్యలో ఒక తరం ఖాళీగా ఉండిపోయింది. మీరు వెళ్లేవాళ్లయితే ఆ చివరి మూడు నెలలూ పక్కనున్న కుర్రాడికి నేర్పడానికి వాడండి. వాడు కాంట్రాక్టువాడైనా సరే.

7. మనుషులు తగ్గినచోట ముందు అడగాల్సింది భద్రత గురించి.

2014 జూన్ 12న భిలాయ్‌లో విషవాయువు లీకై ఆరుగురు చనిపోయారు, వాళ్లలో ఇద్దరు పెద్ద స్థాయి అధికారులు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైప్‌లైన్ మరమ్మతు చేస్తుండగా మంటలు లేచి పదిమందికి పైగా పోయారు, అందులో ఫైర్ బ్రిగేడ్ వాళ్లూ ఉన్నారు. ఈ ప్రమాదాలకి మనుషుల కోతే కారణమని నేను చెప్పడం లేదు, అది తేల్చాల్సింది విచారణలు. నేను చెప్పేది వేరు. గ్యాస్ లైన్ దగ్గర మానిటర్ పట్టుకుని నిలబడేవాడూ, వాల్వు దగ్గర కాపలా ఉండేవాడూ కాగితం మీద చూస్తే ఏమీ చెయ్యనట్టే కనిపిస్తాడు. కోత లెక్కలు వేసేవాళ్ల కన్ను ముందు వాళ్ల మీదే పడుతుంది. అక్కడ మాత్రం ఒప్పుకోవద్దు.

8. ఊరు కూడా ఉద్యోగం పోగొట్టుకుంటుంది.

ప్లాంటులో ఒక ఉద్యోగం తగ్గితే సివిక్ సెంటర్‌లో బట్టల కొట్టుకి ఒక కుటుంబం తగ్గుతుంది. బీఎస్పీ నడిపిన బడుల్లో చాలా మూతపడ్డాయి. సెక్టార్లలో తలుపులు ఊడిన ఖాళీ క్వార్టర్లు వరసగా కనిపిస్తాయి. ఇండస్ట్రియల్ ఏరియాలో ప్లాంటు ఆర్డర్ల మీద బతికే చిన్న యూనిట్ల సంగతి ఇంకా కష్టం. మూడువందల లోపు కార్మికులున్న ఫ్యాక్టరీ మనుషుల్ని తీసేయాలంటే ఇప్పుడు ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. కేంద్ర చట్టంలో ఆ హద్దు అంతకుముందు వంద ఉండేది, 2025 నవంబరు 21 నుంచి కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌తో మూడొందలైంది. భిలాయ్ కేంద్రంగా ఉన్న ప్రభుత్వ సంస్థ ఫెర్రో స్క్రాప్ నిగమ్‌ని 2024లో జపాన్‌కి చెందిన కొనోయ్కే కంపెనీకి 320 కోట్లకి అమ్మేందుకు కేంద్రం ఒప్పుకుంది. ఊళ్లో పెద్దగా చర్చ కూడా జరగలేదు.

ఇక్కడ ఒక మంచి కూడా చెప్పాలి. చదువు మీద పెట్టిన డబ్బు మాత్రం ఈ ఊళ్లో ఎవరికీ వృథా కాలేదు. వీఆర్‌ఎస్ డబ్బులో ముందు పిల్లల చదువుకి తీసిపెట్టినవాళ్ల ఇళ్లు నిలబడ్డాయి. వాళ్ల పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో, ఇంకా దూరాల్లో స్థిరపడ్డారు. డబ్బు రాగానే కారు కొన్నవాళ్లూ, తెలియని వ్యాపారంలో దిగినవాళ్లూ, తెలిసినాయన చెప్పాడని ఊరూపేరూ లేని కంపెనీలో డిపాజిట్ వేసినవాళ్లూ మూడేళ్లలో మళ్లీ మొదటికొచ్చారు. మగాడికి ఇంట్లో ఖాళీగా కూర్చోవడం కూడా చిన్న సంగతి కాదు. నలభై ఎనిమిదేళ్లకి పొద్దున్నే టిఫిన్ బాక్సు పట్టుకుని వెళ్లాల్సిన చోటు లేకపోతే మనిషి కుంగిపోతాడు. తాగుడులో పడినవాళ్లని చూశాను. రేపటి నుంచి ఏం పని చేస్తావో తేల్చుకోకుండా సంతకం పెట్టొద్దు.

9. ఇప్పుడు కాగితం చేతిలో ఉన్నవాళ్లకి.

విశాఖ ఉక్కు కోసం 1966లో ముప్ఫై రెండుమంది ప్రాణాలిచ్చారు. 2021 జనవరిలో నూటికి నూరు శాతం అమ్మేస్తామన్నారు. 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. నాలుగేళ్లలో పైవాళ్ల నిర్ణయమే ఇంత మారినప్పుడు, మీరు గడువుకి బెదిరిపోయి తొందరపడటం ఎందుకు? అనారోగ్యం ఉన్నవాళ్లకీ, పిల్లలు స్థిరపడినవాళ్లకీ, చేతిలో ఇంకో పని సిద్ధంగా ఉన్నవాళ్లకీ వీఆర్‌ఎస్ మంచిదే కావచ్చు. అలాంటివాళ్లు భిలాయ్‌లో సుఖంగా ఉన్నారు, వాళ్లనీ చూశాను. మిగతావాళ్లు ఆగి, పింఛను ఎంతొస్తుంది, ఇల్లు ఎన్నాళ్లుంటుంది, వైద్యం ఎలా, బకాయిలు ఎప్పుడిస్తారు అన్నది రాతపూర్వకంగా అడగండి. నోటిమాట మీద నమ్మకం పెట్టుకోవద్దు.

రెగ్యులర్ ఉద్యోగులకి ఇంకొక్క మాట. కోత వచ్చినప్పుడు ముందు పోయేవి కాంట్రాక్టు కార్మికుల గేట్ పాసులు. వాళ్లు గేటు బయట కూర్చున్న రోజున మీరు కూడా వెళ్లి పక్కన కూర్చోండి.

నాలాంటి రిటైరైనవాళ్లకి కూడా ఒక విన్నపం ఉంది. భిలాయ్‌లోనైనా, విశాఖ ఉక్కునగరంలోనైనా మనకి సాయంత్రం పూట తీరిక ఉంటుంది, నాలుగు అక్షరాలు చదవడం వచ్చు. చాలామంది కాంట్రాక్టు కుర్రాళ్లకి వాళ్ల పీఎఫ్ ఖాతాలో డబ్బు పడుతోందో లేదో తెలియదు. ఈఎస్‌ఐ కార్డు ఎందుకో తెలియదు. వారానికి ఒకరోజు గుడి అరుగు మీదో, సమితి హాల్లోనో కూర్చుని వాళ్ల పాస్‌బుక్కులు, వేతన చీటీలు చదివిపెడదాం. డబ్బు పడకపోతే పీఎఫ్ ఆఫీసుకి అర్జీ రాసిపెడదాం. దుర్గ్, రాయ్‌పూర్, గాజువాక, ఎక్కడున్నవాళ్లు అక్కడే ఈ నెల నుంచే మొదలుపెట్టండి.